బిర్కీ రేసుకి ముందు రోజే చూసుకోండి

ఫిబ్రవరి చివర్లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో జరిగే స్కీ రేసు బిర్కీ (అమెరికన్ బిర్కెబైనర్). కేబుల్ ఊరి నుంచి హేవర్డ్ దాకా 50 కిలోమీటర్ల స్కేట్ రేసు, అంటే మంచు మీద స్కీలని స్కేటింగ్‌లా పక్కలకి తోస్తూ వెళ్లడం, మాటలు కాదు, అందుకే ఇవన్నీ ముందు రోజే తేల్చేసుకోండి.

- వాక్స్ (స్కీ అడుగున పూసే మైనం) దగ్గరే చాలామంది దెబ్బతింటారు. గాలి ఎంత చల్లగా ఉందో చూస్తే చాలదు, మంచు ఉష్ణోగ్రతకి సరిపోయేది ఎంచుకుని, ఇస్త్రీపెట్టెతో కరిగించి పూసి, పూర్తిగా చల్లారాక గీకి, ఆ తర్వాత ఓపిగ్గా బ్రష్ చెయ్యండి. పైన పొర మిగిలిపోతే స్కీ జారకుండా పట్టేస్తుంది. ఫ్లోరిన్ ఉన్న పాత వాక్స్ ముట్టుకోకండి, అంతర్జాతీయ స్కీ సమాఖ్య దాన్ని 2023-24 సీజన్ నుంచి నిషేధించింది.
- కాటన్ బనీను వద్దే వద్దు. చెమటకి తడిస్తే ఇక ఆరదు, ఒళ్లంతా వణుకే. స్టార్ట్ దగ్గర కాస్త చలేసేలా వేసుకుంటేనే నయం, మొదటి ఎత్తు ఎక్కేసరికి ఎలాగూ వేడెక్కుతారు.
- బిబ్ (ఛాతీ మీద వేసుకునే నంబరు), టైమింగ్ చిప్, ఫినిష్ దగ్గరికి పంపే సంచిలో పొడి బట్టలు సర్దుకోండి.
- నీళ్లు గోరువెచ్చగా నింపండి, లేకపోతే సీసా మూతి గడ్డకట్టేస్తుంది.
- ముక్కు, చెవులు తెల్లబడి స్పర్శ తెలియకపోతే టైమ్ పోతుందని టెన్షన్ పడొద్దు. రుద్దకుండా కప్పుకుని, దగ్గర్లో ఉన్న ఎయిడ్ స్టేషన్‌లో ఆగి చూపించుకోండి.