తుపాను వెలిశాక రేకుల కప్పు ఎక్కేవారికి

వాన వెలిసింది కదా అని వెంటనే సిమెంటు రేకుల మీదికి ఎక్కకండి. తడిసిన రేకు చూడటానికి గట్టిగానే ఉంటుంది, కాలు పడగానే ఫెళ్లున విరుగుతుంది. బోల్టుల వరస ఉన్నచోటే కింద వాసం ఉంటుంది. రెండు వాసాల మీద ఆనేలా పొడవాటి చెక్క పలక వేసి, దాని మీదే నడవాలి.

ఎక్కే ముందు ఫొటోలు తీయండి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మేము కంగారుగా టార్పాలిన్ కప్పేశాం. నష్టం రాసుకోవడానికి వచ్చినవారికి చూపించడానికి ఏమీ మిగల్లేదు.

కొత్త రేకుకు బోల్టు రంధ్రం మిట్ట మీదే వేయించండి. పల్లంలో వేస్తే చూరుకు పోవలసిన నీరు మంచం మీదికి దిగుతుంది. మేస్త్రీ తొందరపడతాడు, మీరు పక్కనే నిలబడండి. ఎండి పగిలిన రబ్బరు వాషర్లు కూడా అప్పుడే మార్పించండి.