పారాథైరాయిడ్ ఆపరేషన్‌కి గామా ప్రోబ్‌తో వెళ్లేటప్పుడు

న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టుగా నా పని చాలావరకు స్కాన్ గదిలోనే. పారాథైరాయిడ్ కేసు ఉన్న రోజు మాత్రం గామా ప్రోబ్ (ఒంట్లోని రేడియోధార్మికతను మోతగా, అంకెలుగా చూపే పరికరం) పెట్టె పట్టుకుని ఓటీకి వెళ్తాను. మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి వచ్చే వారం మొదటిసారి ఒక్కతే వెళ్తోంది. తనకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు రోజే స్కాన్ తీసి చూసుకోండి. మెడలో థైరాయిడ్ వెనక ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగు, ఒక్కోటి బియ్యపు గింజంత. అందులో ఒకటి పెరిగి హార్మోన్ ఎక్కువగా వదిలితే ఎముకల్లోని కాల్షియం రక్తంలోకి వచ్చేస్తుంది. కిడ్నీలో రాళ్లు, ఎముకల నొప్పులు అక్కడి నుంచే మొదలు. మనం ఇచ్చే టెక్నీషియం సెస్టామిబి మొదట గుండె స్కాన్ కోసం వచ్చిన రేడియోధార్మిక మందు. పెరిగిన గ్రంథి కణాల్లో మైటోకాండ్రియా ఎక్కువ కాబట్టి అక్కడ చాలాసేపు నిలుస్తుంది, థైరాయిడ్ నుంచి త్వరగా దిగిపోతుంది. మన పనంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

ఓటీకి ఫోన్ చేయకుండా సూది వేయొద్దు. సాధారణంగా 10 మిల్లీక్యూరీలు, కోతకు గంట, రెండు గంటల ముందు. ముందు కేసు ఆలస్యమైందంటే మన లెక్కంతా తప్పుతుంది. టెక్నీషియం 6 గంటలకు సగమైపోతుంది, పైగా పెరిగిన గ్రంథుల్లో (గడ్డల్లో) కొన్ని మందును తొందరగానే వదిలేస్తాయి. ఆడవాళ్లయితే గర్భం సంగతి అడిగి తీరాలి. క్యాన్యులాలో సలైన్ పోయి చూశాకే మందు ఎక్కించండి. చేతిలో లీకైతే మెడకు చేరేది తక్కువ.

ఓటీలో ప్రోబ్‌కి స్టెరైల్ కవర్ తొడిగాక, కోత పెట్టకముందే థైరాయిడ్ మధ్యభాగం మీద ఆనించి 10 సెకన్ల కౌంట్ (ప్రోబ్ చూపే రేడియోధార్మికత అంకె) తీయించండి. మూడుసార్లు తీసి, సగటు బోర్డు మీద పెద్దగా రాయండి. అది బ్యాక్‌గ్రౌండ్.

నా మొదటి కేసులో గడ్డ కింది వైపు ఉందని స్కాన్ చెప్పింది. సర్జన్ గారు ప్రోబ్ మొనను కిందికి వంచగానే మోత పెరిగింది, అంకెలు ఒక్కసారిగా ఎగిరాయి. "సార్, ఇక్కడే!" అన్నాను. పావుగంట అక్కడే వెతికారు, ఏమీ దొరకలేదు. ప్రోబ్ చూస్తున్నది పేషెంట్ గుండెను. సెస్టామిబి గుండెలో బాగా చేరుతుందని పుస్తకంలో చదివినదాన్నే, ఆ టెన్షన్‌లో తట్టలేదు. అందుకే ఇప్పుడు అంకె చదివే ముందు మొన ఎటు చూస్తోందో చూస్తాను. ఛాతీ వైపు ఉంటే "సార్, కొంచెం పక్కకు తిప్పండి" అని అడుగుతాను. అడగడానికి మొహమాటపడకండి.

గడ్డ బయటికి వచ్చాక చేసేదే అన్నిటికన్నా ముఖ్యం. ఆ రోజు చివరికి దొరికింది చిక్కుడు గింజంత, ముదురు గోధుమ రంగులో మెత్తగా ఉంది. దాన్ని ప్రోబ్ మొన మీద పెట్టి, మొనను పేషెంట్‌కి దూరంగా పైకి తిప్పి 10 సెకన్లు లెక్కపెట్టాలి. మొన మెడ వైపే ఉంటే మెడలోని కౌంట్లూ కలిసిపోతాయి. బ్యాక్‌గ్రౌండ్ 400, ముక్క 120 అనుకోండి, 30 శాతం. 20 శాతం దాటితే పారాథైరాయిడ్ అని అమెరికన్ సర్జన్ జేమ్స్ నార్మన్ బృందం 1990ల చివర్లో చూపించింది. కొవ్వు, లింఫ్ గ్రంథి అయితే 2, 3 శాతం దగ్గరే ఆగిపోతాయి.

అయితే థైరాయిడ్ గడ్డలు కూడా మందును పట్టుకుని మోసం చేయగలవు. ఇంకో గ్రంథి లోపల మిగిలిందా అన్నది ఈ అంకె చెప్పదు. దానికి పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) రక్తపరీక్ష ఉంది. గడ్డ తీసిన 10 నిమిషాలకు హార్మోన్ సగానికి పైగా పడిపోవాలి. ఆ రిపోర్టు వచ్చేదాకా ప్రోబ్ సర్దేయకండి.

చివర్లో గాజ్ గుడ్డ ముక్కలు, కవర్లు వేరే సంచిలో కట్టి, తేదీ రాసి, సర్వే మీటర్‌తో (రేడియేషన్ కొలిచే మీటర్) టేబుల్ అంతా ఒకసారి చూడండి. తీసిన గడ్డలో రేడియోధార్మిక మందు ఉందని పాథాలజీ వాళ్లకు చెప్పండి. కౌంట్లు రిజిస్టర్‌లో ఎక్కించి, ప్రోబ్ తుడిచి ఛార్జింగ్‌కి పెట్టి రండి.