మన ఊరి విషయాలు నెట్‌లో రాయడం – నాలుగో పాఠం: ఖాళీగా మిగిలిన మూడో గడి

మూడో పాఠంలో నోట్‌బుక్ పేజీని మూడు గడులుగా గీయమన్నాను. మొదటి గడిలో విషయం, రెండో గడిలో ఎవరు చెప్పారు, మూడో గడిలో ఎలా సరిచూశారు. మీరు పంపిన పేజీలన్నీ చదివాను. చాలావాటిలో మూడో గడి ఖాళీ. కొందరు రెండో గడి నిండా పైనుంచి కిందిదాకా ‘గూగుల్’ అని రాశారు. పొరపాటు నాదే. గడి గీయమన్నాను గానీ నింపి చూపించలేదు. అందుకే శీర్షికలు పెట్టడం గురించిన పాఠాన్ని వచ్చేసారికి జరిపి, ఈసారి దీన్నే పట్టుకుందాం.

గూగుల్‌లో దొరికింది అంటే ఎవరో ఎక్కడో రాశారని మాత్రమే అర్థం. ఆ రాసిందెవరో రెండో గడిలో ఉండాలి. అదెవరో తెలియకపోతే ఆ విషయాన్ని అప్పటికి పక్కన పెట్టండి.

ఎక్కువమంది పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఎంచుకున్నారు. సంతోషం. నల్గొండ పక్కనే ఉంది, వెళ్లి చూడొచ్చు. కానీ దాదాపు అందరి రాతల్లో ఒకటే వాక్యం: ‘సైన్సుకు కూడా అంతుచిక్కని మిస్టరీ’. మూడు గర్భాలయాల గుడి అది. అందులో ఒకదాని గోడ మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలబడుతుంది. ఎండ నేరుగా లోపలికి పడదు. మండపం స్తంభాల మధ్య నుంచి వెలుతురు చేరే తీరు వల్లే ఆ నీడ ఏర్పడుతుందని భౌతికశాస్త్రం చెప్పే అధ్యాపకులు నమూనా కట్టి మరీ చూపించారు. ‘మిస్టరీ అనే మాట తీసేస్తే ఎవరు చదువుతారు సార్’ అని ఒకరు అడిగారు. నేనైతే చదువుతాను. పానగల్లును ఏలిన కుందూరు చోడుల కాలంలో రాతిని పేర్చి వెలుతురును ఇలా మలిచిన పనివాళ్లున్నారని తెలిస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. మిస్టరీ అనేస్తే ఆ గొప్పతనం వాళ్ల చేతుల్లోంచి జారిపోతుంది.

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టే తప్పు జిల్లా పేరు. చిన్న విషయం అనిపిస్తుంది. కాదు.

2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో ములుగు, నారాయణపేట వచ్చి 33 అయ్యాయి. పాత నల్గొండ జిల్లా నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరిగా విడిపోయింది. పాత పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లాలోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, తర్వాత నారాయణపేట వచ్చాయి. షాద్‌నగర్ రంగారెడ్డిలోకి, కొడంగల్ వికారాబాద్‌లోకి వెళ్లాయి. అలంపురం ఇప్పుడు జోగులాంబ గద్వాలలో ఉంది. అయినా ఇప్పటికీ ‘మహబూబ్‌నగర్ జిల్లా అలంపురం’ అని వీడియోలు వస్తూనే ఉన్నాయి. అది చూసి బయలుదేరిన మనిషి మహబూబ్‌నగర్‌లో దిగి అలంపురం నవబ్రహ్మ ఆలయాలకు దారి అడిగితే ఏం చెప్తాం?

దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. ‘1951లో యాదాద్రి భువనగిరి జిల్లా పోచంపల్లిలో’ అని ఒకరు రాశారు. ఆ ఏడాది ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు భూదానంగా ఇచ్చిన నాటికి ఆ జిల్లాయే లేదు. ‘అప్పటి నల్గొండ జిల్లా’ అనాలి. అదే పోచంపల్లికి చీర కొనడానికి రమ్మని పిలుస్తుంటే ఇప్పటి జిల్లా పేరు రాయాలి. జరిగిన సంగతికి ఆనాటి పేరు, వెళ్లాల్సిన దారికి ఈనాటి పేరు. రెండూ కలిపి చెప్పాలంటే ‘ఉమ్మడి నల్గొండ’ అనే మాట మనకు ఉండనే ఉంది.

అన్నిటికంటే ప్రమాదం అంకెల్లో ఉంది. 2011 జనాభా లెక్కల్లో నల్గొండ జిల్లా జనాభా 34,88,809. అది ఉమ్మడి జిల్లాది. ఇప్పటి నల్గొండ హద్దుల్లో చూస్తే అవే లెక్కల ప్రకారం 16 లక్షల పైచిలుకు, అంటే సగం కూడా కాదు. నేను ఒక వీడియోలో పెద్ద అంకెను ఇప్పటి జిల్లాకు పెట్టి చదివేశాను. కొన్ని నెలల తర్వాత ఒక డిగ్రీ విద్యార్థి ఫోన్ చేసి, ఆ అంకెను తన ప్రాజెక్టులో రాశానని, మార్కులు పోయాయని చెప్పాడు. వీడియో సరిచేశాను గానీ అతని మార్కులు తిరిగి రాలేదు. అప్పటినుంచి జిల్లా పేరు పక్కన ఏ అంకె కనిపించినా, అది ఏ ఏడాదిదో, ఏ హద్దులదో మూడో గడిలో రాసేదాకా పెన్ను ముందుకు కదలదు.

అన్నీ సరిచూడాలంటే టెన్షన్ వస్తుంది, తెలుసు. నేను పేర్లు, అంకెలు, తేదీలు, దారులు ముందు చూస్తాను. ‘అద్భుతమైన’, ‘అతి పురాతనమైన’ లాంటి మాటలను సరిచూడను, కొట్టేస్తాను. రాసింది ఒక రాత్రి అలాగే ఉంచి, పొద్దున ఇంట్లో ఒకరికి గట్టిగా చదివి వినిపిస్తాను. వాళ్లు ‘ఎవరు చెప్పారు?’ అని ఆపిన ప్రతి చోటా గుర్తు పెట్టుకుంటాను. వీడియో అయితే వెనక సంగీతం వేయను. మాట వినపడాలి. ఎడిటింగ్ యాప్‌ల గురించి మీకు చెప్పాల్సిన పనిలేదు.

ఈసారి అభ్యాసం కష్టమైనదే. మీ ఊరి చెరువు గురించి పది వాక్యాలు రాయండి. నెట్ ముట్టుకోవద్దు. కట్ట మీదికి వెళ్లి తూములెన్నో లెక్కపెట్టండి. చివరిసారి ఎప్పుడు అలుగు పోసిందో చెరువు నీళ్లు వదిలే నీరటిని అడగండి, చేపలు పట్టేవాళ్లను విడిగా అడగండి, ఆయకట్టు రైతును విడిగా అడగండి. ముగ్గురూ మూడు ఏళ్లు చెప్తే మూడూ రాయండి, ఎవరు ఏది చెప్పారో పక్కన పెట్టండి. పదికి పది వాక్యాలకూ మూడు గడులు నింపి పదిహేను రోజుల్లో పంపండి. ఏదైనా గడి ఖాళీగా మిగిలితే, ఎందుకు మిగిలిందో ఆ గడిలోనే రాయండి.