ఫీడర్ నిండుగానే ఉంది, పిట్టలే రావట్లేదు

ఫీడర్ అంటే పిట్టల కోసం గింజలు పోసి వేలాడదీసే డబ్బా. ములుగు, వరంగల్ అడవుల్లో లక్నవరం, పాకాల, తాడ్వాయి వైపు కాటేజీల్లో దిగినవాళ్లు ఎక్కువగా చెప్పే ఫిర్యాదు ఇదే. ఎప్పుడు చూశారని అడిగితే, పొద్దున టిఫిన్ అయ్యాక పదింటికి చాయ్ పట్టుకుని వరండాలో కూర్చున్నామంటారు. అప్పటికి పిట్టల టిఫిన్ కూడా అయిపోయి ఉంటుంది! తెల్లవారినప్పటి నుంచి తొమ్మిది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు దాటాక చూడండి. ఫీడర్ల గురించి నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇక్కడే తీరిపోతాయి, కానీ ఈ మాట ఎవరికీ నచ్చదు.

ఏ పిట్ట కోసం చూస్తున్నారన్నది కూడా ముఖ్యం. పాలపిట్ట పురుగులు తినేది, గింజల డబ్బా వైపు కన్నెత్తి చూడదు. పికిలిపిట్టలకు పండ్లు, పురుగులు కావాలి. గింజలకు వచ్చేవి పిచ్చుకలు, జీనువాయిలు (మునియాలు), గిజిగాళ్లు, గువ్వలు, చిలుకలు. మిగతావాటిని దగ్గరగా చూడాలంటే వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాలకు మించకుండా నీళ్లు పోసి, రోజూ మార్చండి. ఎండాకాలంలో ఫీడర్ కంటే ఆ మూకుడు దగ్గరే ఎక్కువ రకాలు కనిపిస్తాయి.

పిట్ట వస్తోంది, వాలుతోంది, తినకుండా పోతోంది

అసలు తిప్పలు పెట్టేది ఇది. ఒక జీనువాయి వచ్చి కడ్డీ మీద వాలుతుంది, రంధ్రంలో ముక్కు పెడుతుంది, ఒక గింజ లాగి కింద పడేసి ఎగిరిపోతుంది. కాసేపటికి ఇంకోటి వచ్చి అదే పని చేస్తుంది. చోటు మీద భయం ఉంటే అసలు వాలదు కదా. వాలి కూడా తినలేదంటే తేడా గింజలోనే ఉంది.

బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. పైన కొర్రలు, సజ్జలు శుభ్రంగా మెరుస్తుంటాయి. కాటేజీ కుర్రాడు రోజూ పొద్దున కాస్త పోసి నింపుతున్నాడు, నిండుగా ఉంది కాబట్టి అంతా బాగుందనుకుంటాడు. ఫీడర్ కిందికి దించి, మూత తీసి, మొత్తం ఒక పేపర్ మీద బోర్లించండి. పైగింజ జలజలా రాలుతుంది. అడుగుది రాలదు. కొట్టి చూస్తే బిళ్లలా ఊడి పడుతుంది: నల్లగా, మధ్యమధ్యలో బూడిదరంగు బూజుతో, పులిసిన వాసన కొడుతూ.

గొట్టం ఫీడర్లలో అన్నిటికంటే కింది రంధ్రానికీ అడుగుకూ మధ్య వేలెడు ఖాళీ ఉంటుంది. అక్కడి గింజ పిట్టకు అందదు, బయటికి రాదు. వాన జల్లు, చలికాలంలో చెరువు మీది మంచు అక్కడే దిగుతాయి. అక్కడ మొదలైన బూజు పైకి పాకుతుంది, రంధ్రాల చుట్టూ గింజ గట్టిపడుతుంది. మక్కల నూక, పల్లీలు కలిపి ఉంటే ఇంకా ప్రమాదం, వాటికి పట్టే బూజులో విషం తయారవుతుంది. పిట్టలు తినకపోవడమే నయం.

వానాకాలం పోయాక కూడా ఇదే జరుగుతుంటే ఫీడర్ ఎప్పుడు కడిగారో అడగండి. "నిన్ననే కడిగినం సార్" అంటే దొంగ దొరికినట్టే. కడిగి, తుడిచి, లోపల తడి ఆరకముందే గింజ పోసి ఉంటారు. మురికి ఫీడర్ కంటే ఇది తొందరగా పాడవుతుంది.

మొత్తం పారబోయండి. పైది బాగానే ఉంది కదా అని దాచుకోవద్దు. ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, వాసన పోయేదాకా కడగండి. పూర్తిగా ఎండలో ఆరనివ్వండి. అడుగు ఖాళీని కింది రంధ్రం దాకా గులకరాళ్లతో నింపండి, నీళ్లు కారడానికి కింద చిన్న బెజ్జాలు పెట్టండి. తర్వాత ఒకటి రెండు రోజుల్లో అయిపోయేంత గింజే పోయండి. సగం ఖాళీగా కనిపిస్తే గెస్టులు ఏమనుకుంటారో అనే టెన్షన్ వద్దు.

వానలు పడినన్నాళ్లు నేనైతే ఫీడర్ తీసేసి, చూరుకు వరికంకుల కుచ్చు కడతాను. గాలి ఆడుతుంది, అడుగు అనేదే లేదు, పిచ్చుకలు తలకిందులుగా వేలాడుతూ తింటుంటే ఫోటోలూ బాగా వస్తాయి.

మొన్నటిదాకా వచ్చి, ఒక్కసారి మానేశాయి

చుట్టుపక్కల పొలాలు చూడండి. వరి పాలు పోసుకునే రోజుల్లో గిజిగాళ్లకు, జీనువాయిలకు మీ గుప్పెడు సజ్జలతో పనిలేదు. కోతలయ్యాక వస్తాయి. ఫీడర్ కొత్తదైతే అలవాటు పడటానికి కొన్ని రోజులు పడుతుంది, ఒక్క రాత్రి ఉండేవాళ్లు ఇంటి నుంచి తెచ్చి వేలాడదీస్తే లాభం లేదు. పైగా అభయారణ్యం లోపల తిండి పెట్టకూడదు, కాటేజీ వాళ్లు పెట్టిన చోటే చూడండి.

మిగతావి

కోతులు: మందను చూడగానే ఫీడర్ లోపల పెట్టండి. అరటిపండ్లు, మక్కకంకులు అసలే వేలాడదీయొద్దు.

ఎర్ర ప్లాస్టిక్ చక్కెరనీళ్ల ఫీడర్: హమ్మింగ్‌బర్డ్‌ల కోసం చేసింది, అవి అమెరికా ఖండాల్లోనే ఉంటాయి. మన ఎండకు ఆ నీళ్లు పులిసిపోతాయి, చీమలు పడతాయి. తేనెపిట్టలకు మందార చెట్టు చాలు.

పిట్టలు అద్దానికి కొట్టుకోవడం: ఫీడర్‌ను కిటికీకి మూడు అడుగుల లోపల గానీ ముప్పై అడుగుల అవతల గానీ పెట్టండి.

డేగ కాపు కాయడం: చాలా అరుదు. రెండు మూడు రోజులు ఫీడర్ తీసేస్తే అదే పోతుంది.