పాలి చదువుకు ఏ పుస్తకం ఎప్పుడు తెరవాలి

ప్రాచీన బౌద్ధ గ్రంథాల భాష అయిన పాలి చదవదలచినవారు నిఘంటువు కంటే ముందు పాఠాలుగా సాగే వ్యాకరణం ఒకటి చేతికి తీసుకోవాలి, ఎందుకంటే నిఘంటువులో ఏ రూపాన్ని ఏ పదం కింద వెతకాలో తెలిపేది వ్యాకరణమే. ఇందుకు ఎ.కె. వార్డర్ 1963లో వెలువరించిన ‘ఇంట్రడక్షన్ టు పాలి’ని మొదట సూచిస్తాను. అందులోని ఉదాహరణలు ప్రధానంగా బుద్ధుని దీర్ఘోపదేశాల సంకలనమైన దీఘనికాయం నుంచి తీసుకున్నవి కాబట్టి సుత్తాల (బుద్ధోపదేశాల) వాక్యరీతి తొలి పాఠాల నుంచే అలవాటవుతుంది. సంస్కృత విభక్తులతో పరిచయం ఉన్నవారికి శ్రమ ఇంకా తగ్గుతుంది. పాలిలో ద్వివచనం లేదు, చతుర్థీ షష్ఠీ రూపాలు చాలాచోట్ల ఒకటే. విల్హెల్మ్ గైగర్ వ్యాకరణాన్ని, కె.ఆర్. నార్మన్ సవరించిన 1994 ముద్రణలో, సందేహం వచ్చినప్పుడు చూసుకుంటే చాలు.

నిత్యం వాడవలసిన నిఘంటువు టి.డబ్ల్యు. రీస్ డేవిడ్స్, విలియం స్టీడ్ కలిసి 1921–25 మధ్య, పాలి గ్రంథాలను ప్రచురించే పాలి టెక్స్ట్ సొసైటీ కోసం కూర్చినది. ఇది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రోమన్ లిపిలో ఉన్నా పదాల వరుస మన వర్ణమాలదే. అయితే ఇది నూరేళ్ల నాటి కృషి. ‘అ’ నుంచి ‘భ’ వరకు ఉన్న పదాలను మార్గరెట్ కోన్ నిఘంటువు (2001, 2010, 2020 సంపుటాలు)తో సరిచూసుకోవడం అవసరం. కోపెన్‌హేగన్‌లో 1924 నుంచి వెలువడిన క్రిటికల్ పాలి డిక్షనరీ ఇంకా విస్తృతమైనదే కానీ, ‘క’ అక్షరం పూర్తికాకుండానే ఆగిపోయింది. అమరకోశం వల్లెవేసినవారు, 12వ శతాబ్దంలో సింహళంలో మొగ్గల్లానుడు అదే పద్ధతిలో రచించిన పాలి పర్యాయపద కోశం అభిధానప్పదీపికను తప్పక చూడాలి.

ఈ పుస్తకాలన్నీ ఒక గాథ మీద ఎలా పనిచేస్తాయో చూద్దాం. ప్రాచీన బౌద్ధ గాథల సంకలనమైన సుత్తనిపాతంలోని పారాయనవగ్గంలో, బావరి అనే బ్రాహ్మణుని గురించి ఇలా ఉంది: “సో అస్సకస్స విసయే, అళకస్స సమాసనే, వసి గోధావరీకూలే, ఉఞ్ఛేన చ ఫలేన చ.” ఇందులో ‘వసి’ని ఉన్నది ఉన్నట్టుగా వెతికితే వశం, ఆధీనం అనే అర్థాల దగ్గరికి చేరతారు. ఇది భూతకాల క్రియారూపమని వ్యాకరణం ద్వారా గుర్తించినవారు ‘వసతి’ కింద వెతుకుతారు, ఎందుకంటే రీస్ డేవిడ్స్, స్టీడ్ నిఘంటువులో క్రియలు వర్తమాన ప్రథమపురుష ఏకవచనంలోనే కనిపిస్తాయి. అప్పుడు, అతడు గోదావరి ఒడ్డున రాలిన గింజలు ఏరుకుంటూ, పండ్లు తింటూ జీవించాడనే అర్థం స్పష్టమవుతుంది. ‘అస్సక’ ఎక్కడిదన్న ప్రశ్నకు మాత్రం మలలశేఖర 1937–38లో ప్రచురించిన ‘డిక్షనరీ ఆఫ్ పాలి ప్రాపర్ నేమ్స్’ తెరవాలి. అస్సకుల రాజధాని పోతన లేక పోతలి అని అక్కడ తెలుస్తుంది. ఆ నగరం నేటి నిజామాబాద్ జిల్లాలోని బోధన్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. మన నేల ప్రస్తావన ఇంత ప్రాచీనమైన గాథలో నేరుగా చదవగలగడం పాలి అభ్యాసం ఇచ్చే గొప్ప ఫలాల్లో ఒకటని నా నమ్మకం.

మూలపాఠం కోసం, 1954–56లో రంగూన్‌లో జరిగిన ఛట్ఠసంగాయన (ఆరవ బౌద్ధ సంగీతి) పాఠాన్ని ఇగత్‌పురిలోని విపశ్యన విశోధన్ విన్యాస్ తెలుగు లిపిలో కూడా ఉచితంగా అందిస్తున్నది. నిఘంటువులు మాత్రం పాలి టెక్స్ట్ సొసైటీ ముద్రణల సంపుటాన్ని, పుటను సూచిస్తాయి. గాథల సంఖ్యలు కూడా ముద్రణను బట్టి మారుతాయి. కాబట్టి మీరు రాసుకునే ప్రతి ఉల్లేఖనం పక్కన ఏ ముద్రణదో గుర్తించుకోండి.

అనువాదాన్ని చివరికి ఉంచి, దానికి ముందు అట్ఠకథను (పాలిలోని ప్రాచీన వ్యాఖ్యానాన్ని) చూడండి. పై గాథకు అట్ఠకథ అస్సకుడు, అళకుడు ఇద్దరు రాజులని, బావరి ఆ రెండు రాజ్యాల నడుమ, గోదావరి రెండుగా చీలి మూడు యోజనాల లంకను ఏర్పరచిన చోట నివసించాడని వివరిస్తుంది. ఈ వివరం గాథలో లేదు, కనుక మూలం చెప్పినదాన్నీ, వ్యాఖ్యాత చేర్చినదాన్నీ మీ నోటుపుస్తకంలో వేర్వేరు వరుసల్లో రాసుకోవాలి.