తాండీ బంకు దగ్గర ఒక్క పది నిమిషాలు ఆగండి

బైక్ మీద జంటగా మనాలి నుంచి లేహ్ వెళ్లేవాళ్లకు ఒక మాట. అటల్ టన్నెల్ దాటాక తాండీలో పెట్రోల్ బంకు వస్తుంది, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల అవతల అని చెప్పే బోర్డు ఫొటో మీరూ చూసే ఉంటారు. మన ఊళ్లో ఒక్కరే నడిపినప్పుడు వచ్చే మైలేజీని ఇక్కడ లెక్కలోకి తీసుకోవద్దు, ఎందుకంటే వెనక మనిషి, రెండు పక్కలా బ్యాగులు, 5,300 మీటర్లు దాటే టంగ్‌లంగ్ లా కనుమ లాంటి ఎక్కుళ్లన్నీ చిన్న గేర్లలోనే, పైగా పలచటి గాలి.

ట్యాంకు ఫుల్ చేసి, అయిదు లీటర్లు ఇనప క్యాన్‌లో విడిగా పెట్టుకోండి. దాన్ని మూతిదాకా నింపొద్దు. పైకి వెళ్లేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, దాంతో లోపలి ఆవిరి తన్నుకొచ్చి మూత తియ్యగానే పెట్రోలు చిమ్ముతుంది, అందుకే మెల్లగా, ఇంజను చల్లారాకే తియ్యాలి. నేను క్యాన్‌ను మా ఆవిడ కాలికి తగిలేలా కట్టి దారిలోని సర్చూ దాకా తిట్లు తిన్నాను.

వెనక షాకర్ ప్రీలోడ్ (స్ప్రింగ్ బిగువు) కూడా తాండీ బంకు దగ్గరే పెంచుకోండి, ఇద్దరి బరువుకు, బ్యాగులకు బండి వెనకభాగం మరీ కుంగదు.