పెళ్లిళ్లకు ముందు అవ్వ చెవి తమ్మె చూడండి

మాఘమాసం వచ్చిందంటే హన్మకొండలో ఫంక్షన్‌హాల్ దొరకదు, బీరువాలోని బుట్టకమ్మలు బయటికొస్తాయి. చీర మీదికి జాకెట్ కలిసిందా లేదా అని పదిసార్లు చూస్తాం గానీ, ఆ బరువు మోసే చెవిని ఎవరూ చూడరు.

పోయినేడు మా అత్తమ్మకు అదే అయింది. ఆమెకు 68 ఏండ్లు. పెళ్లినాటి కమ్మలే పెట్టుకుంది. తలంబ్రాలప్పుడు చంకలోని మనవడు ఒక్క గుంజు గుంజాడు, తమ్మె కిందిదాకా తెగి రెండు పాయలైంది. "ఇన్నేండ్లు పెట్టుకున్న, ఏం కాలే. ఇయ్యాల్నే తెగాల్నా?" అని ఒకటే బాధ. కమ్మలు అవే. చెవే అప్పటిది కాదు.

తమ్మెలో చర్మం, కొవ్వు తప్ప మృదులాస్థి ఉండదు. వయసు మీదపడ్డకొద్దీ చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్, ఎలాస్టిన్ తగ్గి, తమ్మె పలచబడి కిందికి సాగుతుంది. 1995లో బ్రిటన్ డాక్టర్లు 30 దాటిన 206 మంది చెవులు కొలిచి, ఏడాదికి సగటున 0.22 మిల్లీమీటర్ల చొప్పున పొడవు పెరుగుతుందని లెక్కగట్టారు. 50 ఏండ్లకు సెంటీమీటరు పైనే. తాతల చెవులు పెద్దగా కనబడేది ఊరికే కాదు.

పెళ్లికి వారం ముందే అవ్వను కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూడండి. తూటు గుండ్రంగా ఉంటే భయం లేదు. గీతలాగా కిందికి జారి, అంచున బియ్యపుగింజంత చర్మమే మిగిలితే బుట్టకమ్మల మాట ఎత్తొద్దు, చిన్న గంటీలు చాలు. కాదు, పెట్టుకోవాల్సిందే అంటే మాటీలు తగిలించండి. పాతకాలపోళ్లు మాటీలు సోకు కోసమే పెట్టలేదు, బరువులో కొంత జుట్టు మోస్తుంది. అయితే మాటీ వేలాడితే లాభం లేదు, బిగువుగా ఉండాలి. ముహూర్తం కాగానే తీసెయ్యాలి, వాటితో పడుకోవద్దు. కమ్మలున్నంతసేపు చంటిపిల్లల్ని ఇంకెవరైనా ఎత్తుకోవాలి.

ఒకవేళ తెగితే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి అదేరోజు దవాఖానకు తీసుకుపోండి. పసుపు, సున్నం, ఫెవిక్విక్ ఏవీ పెట్టొద్దు (మా ఇంట్లో ఒకరు ఫెవిక్విక్ తెచ్చారు కూడా!). రెండు అంచులూ దేనికదే మానుతాయి తప్ప వాటంతటవి అతుక్కోవు. తిమ్మిరి సూది ఇచ్చి కుట్లు వేస్తారు. మానినాక కొత్త తూటు పాత మచ్చ మీద కాకుండా పక్కన వేయించాలి, అదీ డాక్టర్ చెప్పినప్పుడే. షుగర్ ఉన్నవాళ్లకు పుండు మానడం ఆలస్యం, ముందే చెప్పండి.

తాతల బాధ వేరే. వయసుతో గుబిలి ఎండి గట్టిపడుతుంది, చెవి రంధ్రం దగ్గర వెంట్రుకలు ముదురుతాయి. పెళ్లిలో పిలిస్తే పలకడం లేదని పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టి కెలకొద్దు, గుబిలి ఇంకా లోపలికి పోతుంది. చెవి మిషన్ కుయ్‌మంటుంటే చెవి సాగి, మిషన్‌ను చెవిలో పట్టి ఉంచే అచ్చు వదులైందేమో చూపించి, కొత్త కొలత ఇప్పించండి.